వంద లెక్కపెట్టేలోపు

వన్‌టౌన్‌లో సముద్రపు గాలి సోల్డరింగ్‌ని కూడా తింటుంది.
నెలకోసారి షట్టర్‌కి నూనె పెడతాను,
అయినా తెరిచినప్పుడల్లా ముసలి గొంతుతో తిడుతుంది.
ఈరోజు ఆ తిట్టు అయ్యేసరికి మెట్ల మీద ఎల్లాజీ,
చంకలో బియ్యపు డబ్బా.

డబ్బాలో బియ్యం, బియ్యంలో పాలిథిన్ కవరు,
కవర్లో ఒక కేసెట్టు, సబ్బుపెట్టెంత నల్ల పెట్టె.
దానికో తోక లాంటి వైరు,
వీపున మూడు పెన్సిల్ సెల్లు.

"గేమ్ ఎంతదాకా ఆడేమో ఇది గుర్తెట్టుకుంటాది బావూ.
కేసెట్టుకి ఆ తెలివి నేదు."

ఎనభై తొమ్మిదిలో వాళ్ళ నాన్న
ఇనపరాయి ఎత్తుకెళ్ళే జపాను ఓడ మీద
వంటవాడికి రెండు కేజీల ఎండు నెత్తళ్ళిచ్చి
గేమ్ మిషన్నీ, ఒకే ఒక్క కేసెట్టునీ, దీన్నీ తెచ్చాడట.
కొండలు కొండలు అటు పోయాయి.
ఇటు వచ్చింది ఇంత.

పెట్టెలో అప్పటికే ఒక ఆట ఉంది.
ఎవరో పిల్లాడిది, పై గడిలో,
పేరు నాలుగు అక్షరాలు, చదవడం ఎవరికీ రాదు.
ఎల్లాజీ చెల్లెలు నూకరత్నం కింది గడి తీసుకుంది.
ఆ బొమ్మల్లాంటి అక్షరాల్లో
గాలం ముల్లులా ఉన్నదొకటి,
యారాడ కొండలా ఉన్నదొకటి ఏరి
ఇదే మన పేరు అంది.
పై గడి ముట్టుకుంటే చెయ్యి ఇరిగిపోద్ది అని కూడా అంది.

సెల్లు మార్చేది ఏటా కొత్తమాస నాడు.
పాతవి తీశాక వంద లెక్కపెట్టేంతసేపే
పెట్టె ఊపిరి బిగబట్టుకుని ఉండగలదు.
అన్న మారుస్తాడు, చెల్లెలు లెక్కపెడుతుంది.
"మా కోక్ ఓవెన్లూ అంతే బావూ," అన్నాడు,
స్టీల్ ప్లాంట్‌లో ఇరవై ఏళ్ళ కాంట్రాక్టు పని వాడిది.
"వాటినీ బేటరీ అనే అంటారు.
ఓపాలి చల్లారితే ఇటికలు పగిలిపోతాయి.
సమ్మెలోనూ ఎవడో ఒకడు మంట చూడాల."

హుద్‌హుద్‌లో వాళ్ళ రేకులు ఎగిరిపోయాయి.
టీవీలో నీళ్ళు దూరాయి.
గేమ్ మిషన్ ఎవరి దొడ్లో తేలిందో తెలీదు.
నూకరత్నం మాత్రం రాత్రంతా
బియ్యపు డబ్బాని ఒళ్ళో పెట్టుకు కూర్చుందట.
అప్పట్నుంచీ ఆడింది లేదు.
ఉందో పోయిందో తెలీకుండానే
ఏటా మూడు సెల్లు, ఏటా వంద అంకెలు.

నా దగ్గర మూలనపడ్డ మిషనొకటుంది, అదే జాతిది.
కేసెట్టు పళ్ళు రబ్బరుతో రుద్దాను,
తోక గుచ్చాను, పాత టీవీని కొట్టి లేపాను.
గీతలు. గీతలు. తర్వాత నీలం.

పై గడిలో నాలుగక్షరాలు, చెక్కుచెదరకుండా.
కింది గడి ఖాళీ.

ఎల్లాజీ చాలాసేపు చూశాడు.
వేలితో తెర మీద దుమ్ము తుడిచి మళ్ళీ చూశాడు,
గాలం గానీ కొండ గానీ దాని కింద ఉందేమోనని.
"పోన్లే. పరాయోడిది బద్రంగున్నాది," అని నవ్వి,
నవ్వు సగంలో ఆపి
"ఈపాటికి యాభై ఏళ్ళుంటాయేమో ఆడికి," అన్నాడు.
స్ప్రింగు మొదట్లో పచ్చటి తుప్పు చూపించాను.
ఉప్పుకి ఏ గడి తినాలో ఎవరు చెబుతారో నాకు తెలీదన్నాను.

పక్కనుంచి వైరేసి కరెంటిస్తాను,
లెక్కపెట్టే పనుండదు అన్నాను.
వద్దన్నాడు. ఫోను తీశాడు.

కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ దిగబోతోంది నూకరత్నం,
వెనకాల ట్రాలీ చక్రాల చప్పుడు.
"ఉన్నాదేటన్నా?"
"ఉన్నాది," అన్నాడు. "నువ్వు లెక్కెట్టు."

ఒకటి. రెండు. మూడు.
మధ్యలో ఎవరికో సెలైన్ అయిపోతే పిలవమని చెప్పి
అంకె తప్పకుండా పద్నాలుగు దగ్గర అందుకుంది.
ఇరవై ఆరుకే సెల్లు మూడూ కూర్చున్నాయి.
మూత పెట్టి, బాల్‌పెన్నుతో దాని మీద ఏడాది రాశాడు.
ఆమెకి చెప్పలేదు.
బియ్యంలో చెయ్యి పెట్టి గుంట చేస్తున్నాడు,
ఫోను బల్ల మీద,
నలభై, నలభై ఒకటి,
షట్టర్ దగ్గరకెళ్ళి నేను
నలభై రెండు
చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాను.