ఈత వచ్చా?

బున్యోని సరస్సు మీద పొగమంచు ఇంకా లేవలేదు.
మా ఆఫీసు మెట్ల మీద అప్పటికే పదిహేడు మంది.
అందరి దగ్గరా అరచేయంత కూడా లేని ప్లాస్టిక్ ముక్క.
కొందరు రుమాల్లో చుట్టుకొచ్చారు,
కొందరు గుండె దగ్గర దోపుకొచ్చారు,
టిబెసిగ్వా ముసలాయన మాత్రం టోపీ లోపల పెట్టుకొచ్చాడు.

ఎనభై దాటినవాళ్లకి సర్కారు ఇచ్చే డబ్బు
ఇతనికి రాదు.
కార్డు ప్రకారం ఇతని వయసు నలభై ఏడు.
పెద్దకొడుకు కార్డు ప్రకారం వాడికి అరవై ఒకటి.
"అయితే వాడే నన్ను కన్నాడా?" అన్నాడు.
మెట్ల మీద నవ్వులు. నేనూ నవ్వాను,
అద్దానికి ఇవతల కుర్చీలో ఉన్నానని మర్చిపోయి.

మిడతలు జొన్నచేలు ఊడ్చుకుపోయిన ఏడు పుట్టాడట.
ఫారంలో మిడతలకు గడి లేదు.
రోజు, నెల, సంవత్సరం. అంతే.
నమోదుకొచ్చిన కుర్రాడు పొద్దుగూకే వేళ
తొంభయ్యో మనిషి దగ్గర వేళ్లు తిమ్మిరెక్కి
మూడుకి బదులు ఏడు నొక్కి ఉంటాడు.
ఏడు నిజమై కూచుంది.
ముసలాయన అబద్ధమైపోయాడు.

నేను కార్డులకు పగదాన్ని కాను, ఇదీ చెప్పనివ్వండి.
కార్డు రాకముందు
జాబితా పేట పెద్దగారి బామ్మర్ది జేబులో ఉండేది.
చచ్చినవాళ్లు నెలనెలా లేచొచ్చి వేలిముద్రలు వేసి పోయేవాళ్లు.
పన్నెండు సమాధుల పుణ్యాన ఒకాయన రేకుల ఇల్లు లేపాడు.
మా అమ్మ కెమిరెంబేకి
అరవయ్యో ఏట తొలిసారి తన పేరు అచ్చులో కనపడింది.
ఫలానావాడి పెళ్లాం అని కాదు, ఫలానావాడి తల్లి అని కాదు.
ఆ ముక్క చూపించి బ్యాంకులో ఖాతా తెరిచింది,
బంగాళాదుంపల డబ్బు నాన్న కంటపడకుండా.
ఇప్పటికీ ఆదివారం ఆదివారం దాన్ని తడిగుడ్డతో తుడుస్తుంది.
తగలబెట్టండి అని నేనెట్లా అంటాను?

కానీ మా పక్కనే ఆస్పత్రి, గోడ పలచన.
మొన్న ఒరికిరిజా అనే పిల్ల నొప్పులతో వచ్చింది.
ముందు నంబరు చెప్పు, అంటున్నారు.
ఆ పిల్ల అరుస్తోంది.
నంబరు చెప్పు.
నేనిక్కడ ఎవరిదో కార్డు వెలుతురుకు ఎత్తి
తిప్పి చూస్తున్నాను.
చెయ్యి ఆగలేదు. అదీ చెప్పాలి.

టిబెసిగ్వా అంటే మా భాషలో
"మనుషుల్ని నమ్మలేం" అని.
ఏ ఇరుగుపొరుగు తగాదాలోనో పెట్టిన పేరు.
ఆ పేరు మోసుకుంటూనే ముప్పై ఏళ్లు
దుంగపడవలో పిల్లల్ని బడికి దాటించాడు.
నన్నూ.
అడుగెక్కడో తెలియని నీళ్లు.
ఎక్కేముందు ఒక్కటే అడిగేవాడు:
"ఈత వచ్చా?"
వచ్చంటే కొసన. రాదంటే మధ్యలో.
ఎవరి కూతురివి, ఏ ప్రార్థనకు పోతావు,
ఏ కొండ మీద మీ ఇల్లు,
ఏదీ అడగలేదు.
రాదన్నందుకు ఎవర్నీ ఒడ్డున వదిలెయ్యలేదు.

సవరణకు కంపాలా వెళ్లాలి.
రుసుము కట్టాలి.
బాప్టిజం కాగితం తేవాలి; అవన్నీ
చర్చి కప్పు గాలికి లేచిపోయిన ఏడు
తడిసి ముద్దయ్యాయి.
ఇదంతా అద్దం కంతలోంచి చెప్పాను.
వాన ఎటునుంచి వస్తుందో చూస్తున్నట్టు
శ్రద్ధగా విన్నాడు.

రిమార్కుల గడిలో ఇరవై అక్షరాలకే చోటు.
"ఇతన్ని నేనెరుగుదును. పడవ మధ్యలో కూ"
అక్కడ ఆగిపోయింది.
పై ఆఫీసులో ఆ గడి తెరుచుకోదు తెలుసా,
అన్నాడు పక్క సీటు ఆయన.
తెలుసన్నాను.
టోపీ సర్దుకుని ముసలాయన మెట్లు దిగుతున్నాడు.
పద్దెనిమిదో మనిషి అప్పుడే
కంతలోంచి కార్డు తోసింది.