పో అన్నది గిన్నె

చెన్నూరు దాటినంక పగిలింది సీసా.
హనోయిల కొని, రెండు బనీన్లల్ల చుట్టి,
మూడు విమానాలు దాటించిన చేపనీళ్ల సీసా
ప్రాణహిత వంతెన కాడ
ఒక్క గుంతకు ఓడిపోయింది.

కండక్టరు మరాఠీల ముక్కు మూసుకున్నడు:
"కాయ్ వాస్ యేతోయ్! ఎవల సంచి అది?"
నేను కిటికీలకెల్లి ఏరును చూస్తున్నట్టు కూసున్న.
సిరొంచ గ్రామీణ బ్యాంకుల
ఇరవై రెండేండ్లు నోట్లు లెక్కపెట్టిన దాన్ని,
అబద్ధమాడుడు నాకు కొత్త.

ఆ కంపుల కొండలు లేసినయ్.

హా జాంగ్ ఘాట్ రోడ్డు. అద్దె బండి.
నాకంటె ఇరవయ్యేండ్లు చిన్నోడు తువాన్,
వాని జాకీటు రెండు చేతుల్ల పట్టుకొని నేను.
కింద ఏరు, ఎవలో పారేసుకున్న పచ్చ దారంపోగు.
సున్నపురాయి కొండలు
ఒక్కోటి ఒక్కో దిక్కుకు అలిగి కూసున్నయ్.
రాళ్ల సందుల పిడికెడు మన్ను,
ఆ పిడికెడు మన్నుల ఒక మక్కచెట్టు,
దాన్ని నాటినామె ఏ తొవ్వన ఎక్కిందో!
మలుపు కాడ బండి ఆపి
తువాన్ ఫోన్ల ఏదో అడిగి తెలుగు చేయించిండు.
ఫోను నన్ను "మీరు పులియా?" అన్నది.
భయమా అని అడిగిండేమో పిలగాడు.
"పులినే" అన్న, కండ్లు మూసుకొని.

పొద్దుగాల ఐదింటికి
మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ పీట.
ముసలామె గిన్నె ముందల వెట్టి "ఫో" అన్నది.
నాకు పో అన్నట్టె వినవడ్డది.
ఇంత దూరం వస్తె పొమ్మంటదేంది!
అది పులుసు పేరు.
రాత్రంతా పొయ్యి మీద జాగారం జేసిన బొక్కల నీళ్లు,
అనాసపువ్వు, కాల్చిన అల్లం,
తెల్లటి బియ్యం దారాలు,
పక్కన తట్ట నిండ మడికట్టంత ఆకులు.
మొదటి చెంచాకు
బాలింతలకు మా అమ్మ కాసే మిరియాల చారు యాదికొచ్చింది.
రెండో చెంచాకు ఎవ్వలూ యాదికి రాలె.

అటెన్క తిన్నయి చెప్తె మా వాడకట్టు నమ్మది.
నిమ్మాకులేసి వేంచిన పట్టుపురుగులు.
పిన్నీసుతోని గుంజిన నత్తలు.
కాఫీ మీద మీగడ లెక్క గుడ్డుసొన.
దేనికీ మొకం తిప్పుకోలె,
పులిని గద.

ఆదివారం నాడు రూముల పో వండిన.
మేక కాళ్లు దొరికినయ్, అవే ఉడికించిన.
బియ్యం దారాలకు బదులు సేమియా.
సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలు
బట్టల వడగట్టి వోసిన.
బ్యాంకు ఊడ్సే సోమిబాయి ఆత్రం వచ్చింది,
అంకీసా అవతల వాళ్ల గూడెం.
గుటక మింగింది.
"పో అంటె యాడికి పోవాలె మేడం?"
ఇంకో గుటక.
"ఉప్పు సాలలె."
గిన్నె దించి, గాలిని ముక్కుతోని ఎతికి,
"ఈ వాసన మా ఇంట్ల ఉన్నది" అన్నది.

పోయిన.
పాస్‌పోర్టు లేదు, టికెట్టు లేదు,
తొవ్వ పొంట ఇప్పపువ్వు రాలుతున్నది.
మోదుగాకు దొప్పల ఎర్రచీమల పచ్చడి,
పక్కన ఎండుచాప, జొన్న గటక.
ఈ దొప్పే.
ఇరవై రెండేండ్లు ఎండకాలం ఎండకాలం
నా బల్ల కాడికి తెచ్చిన దొప్ప.
తెచ్చినప్పుడల్ల "ఇయ్యాల ఒక్కపొద్దు సోమిబాయ్" అన్న.
ఏండ్లల్ల ఎన్ని శనివారాలు పుట్టించిన్నో!
అబద్ధమాడుడు నాకు కొత్తనట.

నాలుక మీద పులుపు చిటపట మొలిసింది.
చెవుల దాక కారం.
సోమిబాయి నా దిక్కు చూస్తలేదు,
గటక కలుపుకుంట అడిగింది:
"ఆ దేశంల చీమలు తింటరా?"
"అడగలె."
"మల్ల పోయినప్పుడు అడుగు" అని
దొప్పల ఇంకింత వెట్టింది.