అక్షరాల్లేని పలక

బడి తెరిచిన మూడోవారం
ఇంటికో పలక పంపారు.
రాసుకునే పలక కాదు,
తేనెపెట్టె ముఖానికి బిగించే చెక్క.
బెత్తెడు వెడల్పు, జానెడున్నర పొడుగు,
ఇంకా రంపపు పొట్టు వాసన.

"మీ ఇల్లు దేన్ని పట్టుకుని నిలబడిందో
బొమ్మ వేసి పంపండి.
అక్షరాలు వద్దు,
తేనెటీగలకు చదువు రాదు"
అని జోఫ్కా టీచర్ కబురు.

బాచా లోయలో, మూతబడ్డ రంపపు మిల్లులో
ఆవిడ నడిపే బడికి
గంట లేదు, మార్కుల్లేవు,
గోడ మీద ఒక్క సూక్తీ లేదు.
మా అమ్మ దాన్ని బడి అనదు.
"తోటపని" అంటుంది, పెదవి విరిచి.

నేజా వాళ్ళింటి నుంచి గరిటె వచ్చింది.
విద్, అంజె అన్నదమ్ములు
ఒక్క బొమ్మకు ఒప్పుకోక
చెక్క నడిమధ్య గీత గీసుకుని
చెరో సగంలో చెరో మేకను కట్టేశారు.
"ఆ గీతే మీ ఇంటి బొమ్మ" అని నవ్విందట టీచర్.
లూచ్కా ఎర్రటి పువ్వు వేసింది.
ఎరుపు తేనెటీగల కంటికి ఆనదమ్మా అంటే
"తెలుసు, ఇది మా తాత కోసం" అందట.

మా తదేయ్ పలక మాత్రం
చలికాలమంతా ఫ్రిజ్ మీద బోసిగా పడుంది.

నేను టోల్మిన్ నుంచి ఆఖరి బస్సు నడుపుతాను.
నేనొచ్చేసరికి వాడు నిద్ర,
వాడు లేచేసరికి నేను నిద్ర.
మా ఇల్లు దేన్ని పట్టుకుని నిలబడిందంటే
నాకు మాత్రం ఏం తెలుసు?
బస్సు వెయ్యరా అన్నాను.
వాడు తల అడ్డంగా ఊపాడు.

ఏప్రిల్లో ఒక పొద్దున చూస్తే
ఫ్రిజ్ మీద పలక లేదు,
దుమ్ములో దాని ఆకారం ఉంది.

ఏడో పెట్టెకు బిగించారు వాడిది.
అంతా ముదురు నీలం.
అంచుదాకా, సందు లేకుండా, రాత్రి.
ఒక మూల కందిబద్దంత పసుపు చుక్క.

పొయ్యి పైన దీపం.
నేనొచ్చేదాకా వాడు ఆర్పకుండా వదిలేసే దీపం.
కరెంటు దండగని
బిల్లు వచ్చినప్పుడల్లా
వాణ్ణి నేను తిట్టే దీపం.

చాలాసేపు నిలబడిపోయాను.
ఒక ఈగ వచ్చి ఆ చుక్క మీద వాలి,
దారి పోల్చుకుని, లోపలికి వెళ్ళింది.

మే నెలలో నగరం నుంచి అధికారి వచ్చాడు.
"మీ బడి విలువల పత్రం ఎక్కడ?" అన్నాడు.
టీచర్ ఆయన్ని పెట్టెల దగ్గరికి తీసుకెళ్ళింది.
రంగుల ముందు ఆయన కళ్ళద్దాలు సవరించుకుంటుంటే
మావాడు చెయ్యి పట్టుకుని లాగాడట:
"కాస్త పక్కకు జరగండి,
ఇంటికొచ్చేవాళ్ళ దారిలో నిలబడ్డారు."
ఆయన జరిగాడు.
కాగితంలో ఏం రాసుకున్నాడో ఇప్పటికీ తెలీదు.

మళ్ళీ చలికాలం వచ్చింది.
మా భాషలో ఆవు చస్తుంది, కుక్క చస్తుంది,
తేనెటీగ మాత్రం మనిషిలా కన్నుమూస్తుంది.
ఏడో పెట్టె కన్నుమూసింది.
ఆ రోజు బడిలో లెక్కల పాఠం అదే.
దోసిళ్ళకెత్తి లెక్కపెడుతూ
ఎనిమిది వందల దగ్గర అందరూ ఆగిపోయారు.
సంగతి విని మా అమ్మ
కోటు తొడుక్కుని వెళ్ళి చీపురు అందుకుంది.
ఇప్పటికీ బడి అనదు.

పలక తియ్యలేదు.
వసంతానికి కొత్త గుంపు రావచ్చునట.

నిన్న రాత్రి ఒకటే మంచు.
బస్సులో మిగిలింది నేనూ, ఎవరో మరిచిపోయిన గొడుగూ.
ఆఖరి మలుపు తిరగ్గానే
అంత నల్లటి నీలంలో
అదిగో, కందిబద్దంత.

వాడు నిద్రలో ఉంటాడని తెలిసీ
హెడ్‌లైట్లు ఒక్కసారి
ఆర్పి వెలిగించాను.