వత్తి కత్తిరించే పద్ధతి

ఆ బకెట్ బోర్లించి కూర్చో, కోల్బీ.
వేలంలో పదకొండు డాలర్లకి పెట్టెడు కొన్నావట,
బాంబులనుకుని మీ అమ్మ జడుసుకుందట.
ఆమె తప్పేం లేదు.
నల్లగా, గుండ్రంగా, నెత్తిన మంటతో
ఎవరికైనా అలాగే కనిపిస్తాయి.
రోడ్ల శాఖలో మేం మాత్రం దివిటీలనేవాళ్ళం.

ఒకసారి తన్ని చూడు. పిరికిగా కాదు, గట్టిగా.
చూశావా, ఒరిగి, ఊగి, మళ్ళీ నిటారు.
అడుగున బరువు పోశారు.
మనుషులకి పొయ్యడం మరిచిపోయారు.

ముందు మూత. సుత్తి జోలికి పోకు.
మరల్లో నాలుగు చుక్కల నూనె వేసి
రాత్రంతా వదిలెయ్.
అరవై ఏళ్ళు బిగుసుకున్నది
నీ తొందర చూసి వదలదు.
లోపలి తుప్పుకి వెనిగర్, గుప్పెడు గులకరాళ్ళు.
ఊపు. భుజాలు పీకేదాకా ఊపు.
నీళ్ళు తేటపడ్డాక ఎండకి బోర్లించు.
ఆనక కిరసనాయిలు పోసి
అట్టముక్క మీద ఒక రాత్రి నిలబెట్టు.
తెల్లారి అట్ట పొడిగా ఉంటే సరే.
మరక కనిపిస్తే అందులో పూలు పెంచుకో,
నిప్పు మాత్రం చూపించకు.

పెట్రోలా?
ఆ మాట ఈ షెడ్డులో అనొద్దు.
కిరసనాయిలే, అదీ ముప్పాతిక వరకే.
వెలిగించేది ఆరుబయట, ఎండుగడ్డికి ఎడంగా.
ఆర్పేటప్పుడు ఊదకు, కనుబొమలు పోతాయి.
టోపీ పెట్టినట్టు డబ్బా మూత బోర్లించు,
అదే సద్దుమణుగుతుంది.

ఇక వత్తి.

యాభై ఎనిమిది, అక్టోబరు.
బీట్రిస్ వెళ్ళే కంకర రోడ్డులో
తూము వెయ్యడానికి అడ్డంగా గొయ్యి తవ్వాం.
గోతి చుట్టూ ఏడు దివిటీలు.
నాకు పంతొమ్మిది.
పొద్దుగూకే వేళ ట్రక్కులో తిరుగుతూ
నూనె పోసి, వత్తి కోసి, వెలిగించి రావడం నా పని.
ఆ రోజు చెక్ హాల్లో పోల్కా ఉంది.
లిడ్మిలా ఆకుపచ్చ గౌను వేసుకొస్తానంది.
ఆరింటికి కోశాను.
ఏడోదాని కొనన బొగ్గు, గోరంత మందం.
అగ్గిపుల్ల గీశాను. వెలిగింది.
వెలిగింది కదా, చాలనుకున్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి
ఫ్లాయిడ్ కాస్పరెక్ పాల లారీ గోతిలో పడింది.
సరిగ్గా ఆ ఏడోది ఉన్న మూలనే.
నేను చేరేసరికి గొయ్యంతా తెలుపు.
మిగతా ఆరు దివిటీలు ఆ పాలలోకి చూస్తూ
నిబ్బరంగా మండుతున్నాయి.

ఫ్లాయిడ్ బతికాడు.
కుడికాలు మోకాలి దగ్గర ఆగిపోయింది.
ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు
శనివారం సంతలో గుమ్మడికాయలు అమ్మాడు.
నేను కొన్నాను. మా ఇంట్లో అవి ఎవరూ తినరు.
ఒకే ఒక్కసారి అడిగాడు,
తూకం మీంచి తలెత్తకుండా:
“గాలికి ఆరిపోయిందా, ఎమిల్?”
“గాలికే” అన్నాను.

ఆ రాత్రి మొక్కజొన్న ఆకు కదల్లేదు.
కిటికీ దించుకుని పాల లారీ నడిపేవాడికి
గాలి ఉందో లేదో తెలియదా?
తూకంలో ఇంకో కాయ వేశాడు.
దానికి డబ్బు పుచ్చుకోలేదు.

ఏం చూస్తున్నావ్? కత్తెర అందుకో.
నల్లగా గట్టిపడ్డదంతా పోవాలి,
తెల్ల నూలు కనిపించేదాకా.
అడ్డంగా, సమంగా.
వాలుగా కోస్తే ఒక పక్క పొగ కక్కుతుంది.
కొత్త వత్తయితే గంటసేపు నూనె తాగనివ్వు,
ఎండు వత్తి తననే తాను తింటుంది.
ఇంకా. ఇంకొంచెం.
అంటుకుంటుందిలే అనుకోకు,
అంటుకోవడం ఎంతసేపు!
తెల్లారేదాకా ఉంటుందా, అది చూడు.

ఆ సొట్టపడ్డది ఇటివ్వు.
దాన్ని నేను కోస్తాను.