అబిస్కో దాటాక మూడో వంపు

మైనస్ ముప్పై రెండు.
గున్‌వోర్ చేతితొడుగు తీసి
పట్టా అంచు మీద బొటనవేలు పెట్టింది.
ఒక్క క్షణమే. చర్మం కాస్త అక్కడే ఉండిపోయింది.

ఈ దారినే ఖనిజం నార్విక్ ఓడలకు పోతుంది,
ఒక్కో ఇరుసు మీద ముప్పై టన్నులు.
ఇనుము కాబోయే రాయి
ఇనుమైపోయినదాన్ని
నలుగుపెట్టినట్టు అరగదీస్తూ పోతుంది.

నాలుగేళ్లు ల్యాబులో ఆమె
మొండి ఉక్కు వండింది.
కొంచెం కర్బనం, చిటికెడు క్రోమియం,
చల్లార్చేటప్పుడు తొమ్మిది సెకన్ల ఓపిక.
అరగలేదు. ఎక్కడా అరగలేదు.
పగిలింది.

తూరే నవ్వలేదు.
ముప్పై శీతాకాలాలు పట్టాల వెంట నడిచినవాడు,
లాంతరు వంచి చూపించాడు:
వెంట్రుకంత గీతలు, చేప పొలుసుల్లా.
"పాత మెత్త పట్టాకీ ఇవి వచ్చేవే.
తాను అరుగుతూ గాయాన్నీ అరగదీసుకునేది.
నీది ఏదీ మరిచిపోదు."

మధ్యాహ్నం మూడింటి చీకట్లో
ఆమె నోట్‌బుక్కులో కాఠిన్యం అంకె కొట్టేసి
ఇరవై తగ్గించి రాసింది.
కాసేపాగి దాన్నీ కొట్టేసింది.

ఎక్కడో దూరాన పట్టా సన్నగా మూలగడం మొదలెట్టింది.
అరవై ఎనిమిది బోగీలు.
ఇద్దరూ మంచులోకి జరిగి నిలబడ్డారు,
వేలు ఇంకా మండుతూనే ఉంది.