వేలి కొస

పలాస జీడి బట్టీలో
పదకొండేళ్ళు పిక్కలు ఒలిచిన వేళ్ళు నావి.
నూనెకు తోలూడి, మళ్ళీ మొలిచి, నల్లబడ్డాయి.
టెక్కలి ఆస్పత్రిలో
సూది గుచ్చడానికి నర్సమ్మ
మెత్తటి చోటు వెతుక్కుంది.

రాత్రి అడిగానని అలిగావు, ఢిల్లేసూ.
"నా మీద అనుమానమేటి?" అన్నావు.
వీరావల్ పడవల మీద ఆరేళ్ళు
ఎలా బతికావో నేనడగలేదు.
పోయినోడు నా ఒంట్లో ఏం వదిలెళ్ళాడో
నాకే తెలీదన్నాను.
అప్పుడు తగ్గింది నీ గొంతు.

పొద్దున్న బస్సులో
నా పక్కన చోటున్నా వెనకెక్కడో కూర్చున్నావు.
నందిగాం దాటాక
ఏదో గుర్తొచ్చినట్టు ముందుకొచ్చావు,
టిక్కెట్టు చేతిలో నలిగిపోయి ఉంది.

ఇప్పుడు
నీ వేలి కొసన దూది, నా వేలి కొసన దూది.
తెలిసినోళ్ళు చూస్తారని
నువ్వు జేబులో పెట్టుకున్నావు చెయ్యి.
నేనెక్కడ పెట్టను, చీరకి జేబులుండవు.

లోపల బల్ల మీద మన పేర్లు లేవు,
రెండు నంబర్లు.
చల్లారిన టీ మీద మీగడ కట్టింది.
నీది పిలిచారు.
లేచావు. రెండడుగులేసి ఆగావు.
వెనక్కి చూడకుండా
జేబులోంచి చెయ్యి తీసి చాపావు.

గది ఇరుకే గాని,
పద,
ఇద్దరం పడతాం.