అడ్డంగా ఊగే తల

కొత్త షాపుకు పోతే
నలుగురు నాలుగు తీర్ల చూస్తరు.
ఏసీ ఉన్నదా అని ఒకడు,
కొత్త బ్లేడు తన ముందటనే విరుస్తడా అని ఒకడు.
మా అల్లుడు గోడ మీది ఫోటోలు చూస్తడు,
ఆ పోరగాళ్ల తలలల్ల తన తలను ఏరుకుంటడు.
వేముల కొంరయ్య రేట్ల బోర్డు చదివి
చెప్పులు విడువకముందే వెనక్కి తిరుగుతడు.

నేను గడప అవతల నిలబడి
చేతులు చూస్త.
ఆజంజాహి మిల్లుల ఇరవై రెండేండ్లు
తెగిన పోగును అతికే చేతుల నడుమ బతికినోన్ని,
ఏ చెయ్యి తొందరపడుతదో
ఏ చెయ్యి ఆగుతదో
దూరం నుంచే ఎరుక.

మూడేండ్ల సంది నా తల ఊగుతాంది.
పైకీ కిందికీ ఊగినా బాగుండు,
సరే సరే అన్నట్టుండు.
ఇది అడ్డంగా ఊగుతది.
వద్దు వద్దు అన్నట్టు.
ఎంజీఎంల డాక్టరు మందులు రాసిస్తే
మందులను కూడా వద్దనే అన్నది.
అండర్ బ్రిడ్జి కాడ వంకాయలమ్మే ఆమె
నేను ఒప్పుకున్న ధర మీద ఇంకో ఐదు తగ్గిస్తది.
పెండ్లిల లడ్డూలు వడ్డించే పిలగాడు
నా ఇస్తారి దాటి పోతడు.

హన్మకొండ చౌరస్తాల అద్దాల షాపు.
"షార్టా?" అన్నడు.
తల వద్దన్నది.
"మీడియమా?"
వద్దన్నది.
"మరేం కావాలె తాతా?"
నేను నోరు తెరిచేలోపట
పక్క కుర్చీకి పోయిండు.

పోచమ్మమైదాన్ల ఇంకొకడు, మంచోడే,
కాని పుచ్చకాయ కొనేటోని తీరు
అరచేత్తో నడినెత్తి అదిమి పట్టిండు.
ఇరవై నిమిషాలు
నా తల మెడ లోపల ఊగింది.
ఆ రాత్రి బువ్వ దిగలె.

కరీమాబాద్ల ఓదెలు షాపు.
ఒక్కటే కుర్చీ,
రెగ్జిన్ చినిగి పీచు బయటికొచ్చింది.
అద్దానికి ఓ మూల రసం ఊడి
నా ఎడమ చెవు కనబడదు.
సబ్బుపెట్టెల పటిక బిళ్ల.
అల్లుడైతే గడప తొక్కడు.

బెంచి మీదోళ్లను అడిగిన,
ఈడికే ఎందుకొస్తరని.
జీతం పడేదాక ఆగుతడు, అన్నడొకడు.
రాజకీయాలు మాట్లాడడు, అన్నడు ఆటో డ్రైవరు.
సంకల పిల్లగాన్నెత్తుకున్న తల్లి
"మా వోనికి మిషన్ చప్పుడు భయం,
ఈనె కత్తెరతోనే చేస్తడు" అన్నది.
నాది నేను చెప్పలె.

ఓదెలు తలను పట్టలేదు.
కత్తెర గాలిల లేపి జరసేపు ఆగిండు,
ఊగే తొట్టెలల పాపకు
కాటుక పెట్టేముందు ఆగినట్టు.
తర్వాత కత్తెర కూడా ఊగవట్టె.
తల కుడికొస్తే కుడికి,
ఎడమకు పోతే ఎడమకు,
మగ్గంల నాడె తీరు.
అడిగేది అడుగుతడు గాని
తలను అడగడు,
అద్దంల నా కండ్లను అడుగుతడు.

మొన్న బుధవారం మీసం కాడికొచ్చింది.
"తీసేద్దామా పెద్దయ్యా, దూదయ్యింది?"
మిల్లు మూసిన్నాడు గేటు ముందట
నేను మెలేసిన మీసమది.
తల ఊగింది,
ఎప్పటి తీరే, అటూ ఇటూ.
ఓదెలు కత్తెర దించి
దువ్వెన అందుకున్నడు.

రోజుకు వెయ్యి వద్దులు పలికే తలల
ఆ ఒక్క వద్దు నాదని
ఎట్ల తెలిసిందో అడగలె.

బయటికొచ్చిన. మెడ మీద పౌడరు,
కాలరుల వెంట్రుకలు గుచ్చుతున్నయి.
ఆటో వచ్చి ఆగింది.
"శివనగరా?"
శివనగరే.
తల ఊగింది. ఆటో పోయింది.
నవ్వుకుంట నడిచిన,
చెవుల వెనుక
కొత్తగా గాలి తగులుతాంటే.